పాపం అని చదివి, తప్పు అని రాశాను

మీరు ఆఖరిసారి "నేను పాపిని" అన్నప్పుడు, ఏ రోజున, ఎవరికి, ఏం చేశారో కూడా చెప్పారా?

చర్చిలో మోకాళ్ళ మీద అన్నా సరే, గుళ్ళో చెంపలు వేసుకుంటూ అన్నా సరే. నాలాగా దేవుడు లేడని వేదికలెక్కి చెప్పేవాళ్ళయితే ఆ మాటనే కాస్త మార్చి "ఈ అన్యాయంలో మనందరికీ భాగం ఉంది" అంటారు. మాట వేరు, అది చేసే పని ఒకటే. చెప్పి ఉండరు. నేనూ చెప్పలేదు. పదిహేనేళ్ళు చెప్పలేదు.

మా నాయన చెన్నై పక్కన మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాడు. పైపులైన్ల దగ్గర వాల్వులు తిప్పడం ఆయన పని. ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో సూపర్‌వైజర్ చెబుతాడు, ఈయన తిప్పుతాడు. ఇరవై రెండేళ్ళు అదే పని. వాల్వు చక్రం అంచు ఆయన అరచేతుల్లో అచ్చుపడి ఉండేది. చిన్నప్పుడు ఆ గట్టి చర్మం మీద గోటితో గీసి, "నొప్పి లేదా నాయనా?" అని అడిగేవాణ్ణి. "యాడ గీస్తా ఉండావురా?" అని ఆయన తిరిగి అడిగేవాడు. నిజంగానే తెలిసేది కాదు.

మాది తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఉత్తర చెన్నైలో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలోనూ తమిళమే. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది నాయన. అందుకు వాచకం కొనలేదు, బైబిలే వాచకం. షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి, సబ్బు వాసన కింద ఇంకా ఫ్యాక్టరీ వాసన వస్తూ ఉండగా, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చూపుడువేలు అక్షరాల కింద ఆనించేవాడు. ఆ వేలు ఎంత లావంటే కింది వరస మొత్తం దాని చాటునే ఉండిపోయేది. వేలు జరిగితే తప్ప తర్వాతి మాట కనిపించదు. నేను మొదట కూడబలుక్కున్న మాటల్లో "పాపము" ఒకటి. ఒత్తుల్లేవు, మెలికల్లేవు. అక్షరాలు దిద్దే పిల్లవాడికి అంతకంటే తేలికైన మాట దొరకదు.

మాధవరం వెళ్ళే దారిలో ఒక సందులో మా చర్చి. రేకుల షెడ్డుగా మొదలై, ఏడాదికి ఒక గోడ చొప్పున కాంక్రీటు అయింది. అక్కడ ప్రతి నెలా మొదటి ఆదివారం, క్రీస్తు ఆఖరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం ఇస్తారు. మా వాళ్ళు దాన్ని "బల్ల" అంటారు. సంఘానికి ఎవరిమీదనైనా కోపం వస్తే ఆ మనిషికి "బల్ల ఆపుతారు". అప్పుడతను చివరి బెంచీలో కూర్చోవాలి. పళ్ళెం అతని దాకా వస్తుంది, ఆగకుండా దాటిపోతుంది. ఒక్క మాట అనరు, వేలెత్తి చూపరు. పళ్ళెం ఆగదు, అంతే. మనిషిని నలగ్గొట్టడానికి ఇంతకంటే శుభ్రమైన పద్ధతి నేనింకా చూడలేదు.

పళ్ళెం పట్టుకుని బెంచీల మధ్య తిరిగేవాడు సంఘపెద్ద. ఫ్యాక్టరీలో మా నాయనకి సూపర్‌వైజర్ కూడా అతనే. వారంలో ఆరు రోజులు నాయన చేత వాల్వులు తిప్పించేది, నెలకొక ఆదివారం నాయనకి రొట్టె అందించేది ఒకే చెయ్యి.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు జరిగింది. ఉదయం, షిఫ్టు మారే వేళ. గేటు దగ్గర టాంకర్ లారీ హారన్ కొడుతూ ఉంది. ఆ పనిలో పిల్లవాడికైనా తెలిసిన నియమం ఒకటుంది: ఒక లైనులో ఒక సరుకు పోయాక, దాన్ని నీళ్ళతో కడిగితే తప్ప ఇంకో సరుకు వదలకూడదు. రెండూ లోపల కలిస్తే విషవాయువు పుడుతుంది. నాయన వాల్వు మీద చెయ్యి వేసి పెద్దని అడిగాడు.

"లైను కడిగినారా సార్?"

"కడిగినారప్పా. తిప్పు తిప్పు, లారీవాడు ఆడ ఒకటే అరుస్తా ఉండాడు."

నాయన తిప్పాడు. లైను ఎవరూ కడగలేదు.

పసుపు పొగ వచ్చింది. తక్కినవాళ్ళు పరిగెత్తారు, పెద్ద కూడా పరిగెత్తాడు. నాయన తిప్పిన వాల్వును మళ్ళీ బిగించడానికి నిలబడ్డాడు. చివరి చుట్టు బిగిసే దాకా నిలబడ్డాడు. పరిగెత్తి ఉంటే నాలుగు రోజుల దగ్గుతో పోయేది. నిలబడినందుకు కళ్ళు పోయాయి. వెలుతురు తెలుస్తుంది, మనిషి నీడలా తెలుస్తాడు, అక్షరం తెలియదు. ఊపిరి కూడా సగం పోయింది. పది అడుగులు వేస్తే ఆగాలి.

ఆసుపత్రికి పెద్ద వచ్చాడు. కమలాపళ్ళు తెచ్చాడు, మంచం పక్కన నిలబడి కన్నీళ్ళతో ప్రార్థన చేశాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే నేను వేదికల మీద ఇలాంటివాళ్ళని నటులని చాలాసార్లు అన్నాను. అతను నటుడు కాదు. నటుడైతే ఎప్పుడో ఒకప్పుడు వేషం తీసేవాడు.

నాయన కళ్ళకి కట్టు. గొంతు వినపడే వైపు తల తిప్పి అడిగాడు: "విచారణలో ఉన్నది ఉన్నట్టు చెప్తారు గదా సార్?"

"అంతా దేవుడు చూసుకుంటాడప్పా."

దేవుడు చూసుకునే లోపల పెద్ద తన సంగతి చూసుకున్నాడు. ఫ్యాక్టరీ పెట్టిన మొదటి విచారణలో, తాను తిప్పమనలేదనీ పనివాడు తొందరపడి తానే తిప్పాడనీ చెప్పాడు. ఆ తర్వాతి ఆదివారం నాయన, నా భుజం పట్టుకుని చర్చి మెట్లెక్కి, అందరి ముందూ "అబద్ధాలకోరు!" అని అరిచాడు. అంతకంటే పెద్ద మాటకి ఆయన దగ్గర ఊపిరి లేదు. సంఘం కమిటీ కూర్చుంది. సాక్షులు లేకుండా పెద్దమీద నింద వేసినందుకు నాయనకి బల్ల ఆపారు. వాయువు పీల్చినవాడు చివరి బెంచీకి వెళ్ళాడు. లైను కడగనివాడు పళ్ళెం పట్టుకుని, ఆ బెంచీ దగ్గర అడుగు కూడా తడబడకుండా, దాటి వెళ్ళాడు.

ప్రతి మొదటి ఆదివారం పెద్ద చర్చిలో లేచి సాక్ష్యం, అంటే తన భక్తి అనుభవం, చెప్పేవాడు. "నాకన్నా పెద్ద పాపి ఈ గుళ్ళో లేడు సోదరులారా. నా గుండె నల్లని బొగ్గు. ప్రభువు కడగాల." ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకునేవారు. చివరి బెంచీలో నాయన నా చెవిలో అనేవాడు: "పెద్ద పాపేలే. ఏం జేసినాడో ఒక్కటి, ఒకే ఒక్కటి జెప్పమనరా."

ఆ రోజుల్లో నేను ఊళ్ళో జరిగే హేతువాద చర్చలకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఫ్యాన్లు తిరగని హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఎదుటివాడి వాదాన్ని ముక్కలు చేస్తే వచ్చే చప్పట్లు. పాపమనేది పేదవాడి మెడ వంచడానికి కనిపెట్టిన మాట అని అక్కడ నేర్చుకున్నాను. నేర్చుకున్నది సగం నిజమేనని ఇప్పటికీ అంటాను. తక్కిన సగం తెలుసుకోవడానికి నేను మా నాయనని బలి ఇవ్వాల్సి వచ్చింది.

ఐదు నెలలు పళ్ళెం దాటిపోయాక అమ్మ తట్టుకోలేకపోయింది. నాయన పక్కనే చివరి బెంచీలో ఆమె కూర్చునేది. ఆమెకి బల్ల ఆపలేదు, కానీ ఆయనకి ఆగని పళ్ళెం లోంచి ఆమె ఎలా తీసుకుంటుంది?

"ఒక కాయితం రాసియ్యయ్యా," అంది. "క్షమించమని రాస్తే బల్ల ఇస్తారంట. నాకు ఈ తలకాయ దించుకోని కూచునేది చేతగాలా."

నాయన ఒప్పుకున్నాడు. సంఘం రికార్డులన్నీ తెలుగులో ఉంటాయి. మా తరంలో తెలుగు రాయగలిగినవాళ్ళు ఆ చర్చిలో ముగ్గురో నలుగురో. పైగా ఆయనకి కళ్ళు నేనే. నేను కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఆయన చెప్పాడు: నేను పాపిని, సంఘపెద్ద మీద కోపంతో నలుగురిలో అరిచాను, ఆ పాపానికి క్షమించండి. నేను రాశాను, ఆయన సంతకం పెట్టాడు.

రెండు రోజుల్లో పాస్టరు ఆ కాగితం తిరిగి తెచ్చాడు. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన యువకుడు, మెత్తని మనిషి, మెత్తదనం వల్ల ఎవరికీ ఉపయోగపడనివాడు. "అంకుల్, ఉత్తరం చాలా బావుంది," అన్నాడు. "కమిటీవాళ్ళు ఒక్కటే అడుగుతున్నారండీ. ఫ్యాక్టరీ విషయం కూడా ఒక మాట ఉండాలట. 'తప్పు' అన్న మాట ఉంటే సరిపోతుందట."

నాయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. పాస్టరు వెళ్ళాక నాతో అన్నాడు.

"పాపం వేరు, తప్పు వేరు రా. పాపం దేవుడి కాడ చెప్పుకునేది. తప్పు మనిషి కాడ ఒప్పుకునేది. దేవుడి కాడ నేను పాపినే, ఎన్నిసార్లు అడిగినా పాపినే. ఆ వాల్వు కాడ మాత్రం నేను తప్పు చెయ్యలా."

"ఏందయ్యా, ఒక్క మాట కాడ ఇంత మొండితనం!" అంది అమ్మ.

"సరే. 'ఆ పొద్దు జరిగిన దాంట్లో నా పాపం కూడా ఉండాది' అని రాయి. మనిషన్నాక యాడో ఒక చోట ఉంటది. తప్పు అని మాత్రం రాయబాక."

నేను రాశాను. నాకు తొందరగా ఉంది, ఆ సాయంత్రం హాల్లో నేను మాట్లాడాల్సిన చర్చ ఉంది. అమ్మ మొహం చూడలేకపోయాను, అది నిజం. కానీ అదొక్కటే కాదు. మా నాయన లాంటి తెలివైన మనిషి లేని దేవుడి పేరున రెండు మాటల మధ్య గోడ కట్టుకోవడం నాకు చిరాకు తెప్పించింది. రెండూ వట్టి మాటలే, ఒకటి తీసి ఇంకొకటి పెడితే ఏమీ కూలదు, ఆయనకి బల్ల దొరుకుతుంది, అమ్మ తల ఎత్తుతుంది అనుకున్నాను. "ఆ రోజు జరిగిన దానిలో తప్పు నాదే" అని రాశాను.

తర్వాత ఆయనకి చదివి వినిపించాను. "ఆ రోజు జరిగిన దానిలో నా పాపం కూడా ఉంది," అని చదివాను. గొంతు వణకలేదు. కాగితం మీద నా వేలు పెట్టి, చిన్నప్పుడు ఆయన పెట్టినట్టే ఒక్కో మాట కింద జరుపుతూ చదివాను. చూడలేని మనిషి ముందు ఆ వేలు ఎందుకు పెట్టానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన తృప్తిగా తలూపి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించమన్నాడు. చెయ్యి పట్టుకుని చూపించాను.

మనిషి గుండెని నమ్మవద్దనీ, అన్నిటికన్నా మోసకారి అదేననీ బైబిలు చెబుతుంది. మనిషిని మైలపరిచేది బయటినుంచి నోట్లోకి వెళ్ళేది కాదు, గుండెలోంచి బయటికి వచ్చేది అని కూడా చెబుతుంది. ఈ రెండో మాటని నేను ఆచారాలమీద దాడికి చాలాసార్లు వాడుకున్నాను. మొదటిదాన్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ మధ్యాహ్నం నా గుండెలో జాలి ఉందని నేను అనుకున్నాను. జాలి కింద ఇంకొకటి ఉంది: మా నాయనతో వాదనలో గెలవాలన్న దురద. వాదించి గెలవలేనని తెలిసి, చూపు లేనివాడి ముందు కాగితం మార్చి గెలిచాను.

తర్వాతి విచారణకి నాయన్ని నేనే తీసుకెళ్ళాను. అద్దాల గది, చల్లగా ఉంది. విచారణ చేసే అధికారి తమిళుడు, ఆయనకి తెలుగు ముక్క రాదు. పెద్ద తన చొక్కా జేబులోంచి మడిచిన జిరాక్సు తీశాడు. సంఘం రికార్డులో ఉండాల్సిన కాగితం అతని జేబులోకి ఎలా వచ్చిందని అడిగినవాడు లేడు. గుక్క తిప్పుకోకుండా చదివాడు. అధికారి ఒక్క మాట దగ్గర తలెత్తాడు.

"తప్పా?"

"ఆమా సార్. తప్పుదా."

ఆ మాటకి అనువాదం అక్కర్లేదు. తమిళంలోనూ అది తప్పే. మా నాయనకి ఈ సంగతి ముందే తెలుసు. ఇరవై రెండేళ్ళు ఆ గేటులోంచి లోపలికి వెళ్ళి బయటికి వచ్చిన మనిషి ఏ మాట చర్చి గోడ దాటి ఫ్యాక్టరీ గోడ దూకుతుందో, ఏది దూకదో తూకం వేసి చూసుకున్నాడు. దాన్ని నేను మూఢనమ్మకం అనుకున్నాను.

నాయన తల నావైపు తిరిగింది. సరిగ్గా నేను కూర్చున్న చోటికే.

"ఇది మీ సంతకమేనా?" అని అధికారి తమిళంలో అడిగాడు.

"సంతకం నాదే," అన్నాడు నాయన. పనివాడి నిర్లక్ష్యం అని రాసుకుని ఫైలు మూశారు.

బయట బస్టాపులో ఎండ. రిఫైనరీ వైపు నుంచి వచ్చే లారీలన్నీ మా మీద దుమ్ము పోసి వెళుతున్నాయి. నాయన పైపు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం చదివినావురా ఆ పొద్దు నాకు?"

"నాయనా... రెండూ ఒకటే గదా అని..."

"ఒకటే అయితే మార్చింది ఎందుకురా?"

నేను పదిహేనేళ్ళుగా వేదికలమీద మాట్లాడుతున్నాను. పండితులతో, పాస్టర్లతో, జ్యోతిష్కులతో. అంత సూటి ప్రశ్న నన్ను ఇంకెవరూ అడగలేదు. మా బస్సు వచ్చింది, ఎక్కాం. విచారణ గదిలో నిజం ఎందుకు చెప్పలేదని నేను అడిగితే, "చదువుకునే పిల్లోడివి, నీ పేరున అబద్ధికుడని రాసుకుంటారు," అన్నాడు. ఆ తర్వాత ఆ సంగతి మా ఇంట్లో ఎత్తలేదు.

కాగితం తన పని చేసింది. నాయనకి బల్ల తిరిగి ఇచ్చారు. ఆ మొదటి ఆదివారం అమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుంది. పాస్టరు ముందు బెంచీకి రమ్మన్నాడు. నాయన చివరి బెంచీలోనే కూర్చున్నాడు. పెద్ద పళ్ళెంతో వచ్చి, ఐదు నెలల తర్వాత మొదటిసారి ఆగాడు. వంగి, మెల్లగా అన్నాడు:

"తీసుకో అప్పా."

నాయన చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

"ముందు పోయి లైను కడుక్కోని రా సార్," అన్నాడు.

చుట్టూ రెండు బెంచీలకి వినిపించింది. పెద్ద పళ్ళెం పట్టుకుని ముందుకి జరిగాడు. ఆ రోజు నుంచి మా నాయన బల్ల తీసుకోలేదు. ఇప్పుడు ఆపింది సంఘం కాదు, ఆయనే.

అమ్మ ఏడ్చి, తిట్టి, పాస్టరు చేత చెప్పించి ఓడిపోయింది. నేను అది అహంకారం అనుకున్నాను. చాలా ఏళ్ళకి, ఒక వ్యాసం కోసం అదే పాత బైబిలు తిరగేస్తుంటే తగిలింది: బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడికి, తనమీద సోదరుడికి ఏదో ఉందని అక్కడ గుర్తుకొస్తే, కానుకని అక్కడే వదిలి, ముందు వెళ్ళి ఆ మనిషితో సరిచేసుకుని, ఆ తర్వాత రమ్మని ఆజ్ఞ. దేవుణ్ణి వేచి ఉండమని, మనిషి దగ్గరికి ముందు పొమ్మని. నాయన అన్నది అదే, తన పని భాషలో. ఆ పక్క పేజీ అంచున ఆయన వేలి మసక ముద్ర ఉంది.

అప్పుడు కొత్తగా చదివాను, ఎక్కడ కత్తి దూయాలో వెతుక్కుంటూ కాదు. ఆ పుస్తకంలో పాపానికి ఎప్పుడూ ఒక చిరునామా ఉంది. రాజు ఒక పేద సిపాయి భార్యని తీసుకుని, వాణ్ణి చంపించాడు. ప్రవక్త వచ్చి "మనమంతా పాపులం, ప్రార్థన చేద్దాం" అనలేదు. ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి, రాజుకి కోపం తెప్పించి, ఆ మనిషివి నువ్వే అని వేలు చూపాడు. తమ్ముణ్ణి అన్న చంపితే, మొదట వచ్చిన ప్రశ్న నీ గుండె ఎలా ఉందని కాదు, నీ తమ్ముడు ఎక్కడ అని. అందరూ పాపం చేశారన్న మాట కూడా ఆ పుస్తకంలో ఉంది. అది గర్వం దించడానికి చెప్పిన మాట. మన చర్చీలు దాన్ని దుప్పటి చేసుకున్నాయి. అందరూ పాపులే అయినప్పుడు లైను కడగనిది ఎవరని అడగడం అసభ్యం అవుతుంది.

నేను ఆ పుస్తకాన్ని నమ్మను. కానీ దాన్ని నమ్ముతామనేవాళ్ళకంటే అది చాలా కఠినమైనదని సాక్ష్యం చెప్పగలను. అలా చెబుతూ వ్యాసాలు కూడా రాశాను, వేషధారుల్ని చీల్చి చెండాడాను. ఒకదానికి అభినందనలు కూడా వచ్చాయి. వాటిలో ఒకటి పెద్ద దగ్గర నుంచే. సందు చివర టీ కొట్టు దగ్గర ఆపి నవ్వాడు: "ఏం స్వామీ, నాస్తికం బాగా రాస్తా ఉండావంట. రొంబ సంతోషం. చేతిరాత ముందునుంచే మంచిదిలే నీది."

టీ గ్లాసు నా చేతిలోనే చల్లారింది. మా ఇద్దరికీ మధ్య ఒక కాగితం ఉంది; విచారణ గదిలో నాయన తల నావైపు తిరగడం అతనూ చూశాడు. అతను చేసింది చెప్పమని నేను అడగలేను, నేను చేసింది అతను బయటపెట్టడు. ఒక విశ్వాసి, ఒక నాస్తికుడు. ఇంత చక్కటి మతసామరస్యం నేను మరెక్కడా చూడలేదు.

ఈ ఏడాది నాయనకి ఊపిరి ఇంకా తగ్గింది. మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం గుర్రుమంటూ ఉంటుంది. ఒక ఉదయం, అమ్మ గంజి తాగిస్తుంటే గిన్నె పక్కకి జరిపి అన్నాడు: "నేను పోయినాక మట్టి చేసేదానికి ఆ గుడికే తీసకపోతారు. అందురూ ముందు నిలబడి మంచి మాటలు జెప్తారు. రికార్డులో మాత్రం నా చేతి కింద తప్పు అని ఉండాది. నేను వింటా ఉండంగా దిద్దేవాడు ఎవడైనా ఉండాడా?"

అమ్మ అది సంఘపెద్ద గురించి అనుకుని, "ఆయప్ప జెప్తాడా ఏందయ్యా," అంది. నాయన అడిగింది నన్ను.

పోయిన నెల మొదటి ఆదివారం చిన్న సిలిండరుతో ఆయన్ని ఆటోలో తీసుకెళ్ళాం. చివరి బెంచీ. సాక్ష్యాల సమయంలో నేను లేచాను. నాస్తికుడు లేచాడని ముందు బెంచీలన్నీ వెనక్కి తిరిగాయి. నేను రాసుకుని వెళ్ళలేదు. ఏ కాగితమో, ఏ వాక్యమో, మా నాయన ఏం చెప్పాడో, నేను ఏం రాశానో, ఏం చదివి వినిపించానో చెప్పాను. "ఆయన పాపం అన్నాడు. తప్పు అని రాసింది నేను. కళ్ళు లేని మనిషిని మోసం చేసి సంతకం పెట్టించుకుంది నేను. ఆ రికార్డు పుస్తకం తెప్పించండి, దిద్ది కింద నా సంతకం పెడతాను."

తర్వాత ఒక ముసలావిడ నాయన వైపు చూసి నాలుక చప్పరించి, "అయ్యో, పాపం," అంది. వెంటనే ఇంకో ఇద్దరు, "పాపం, పాపం." మన భాషలో నేరానికీ జాలికీ ఒకటే మాట. ఒకరిమీద నేరం జరిగిందని చెబితే, వినేవాళ్ళు ఆ మాటతోనే జాలిపడి లేచి వెళ్ళిపోవచ్చు.

అందరూ పెద్ద వైపు చూశారు. అతనికి ఇప్పుడు డెబ్బై దాటాయి, పళ్ళెం పట్టుకుంటే చేతులు వణుకుతాయి. లేచాడు. ఒక్క క్షణం అతని నోరు తెరుచుకుని ఆగింది. ఆ క్షణంలో చెబుతాడని నేను నమ్మాను, దేవుడి మీద లేని నమ్మకం అతని మీద పెట్టుకున్నాను.

"సోదరులారా," అన్నాడు, "మనమంతా పాపులమే. ప్రార్థన చేద్దాం."

తలలన్నీ వంగాయి. ఆమెన్ అన్నాయి.

రికార్డు పుస్తకం వచ్చింది. పాస్టరు తెరిచి పట్టుకుంటే, నేను వేలు ఆనించి ఆ వాక్యం కొట్టేసి, పైన నాయన చెప్పినట్టే రాసి, సంతకం పెట్టాను. బల్ల మొదలైంది. పెద్ద వణికే పళ్ళెంతో చివరి బెంచీకి వచ్చి, మా నాయన ముందు ఆగాడు. నాయన సిలిండరు గొట్టం సరిచేసుకుని, నా అరచేయి వెతికి పట్టుకుని, పళ్ళెం వైపు మొహం తిప్పాడు.

"ఒక లైను కడిగినారు సార్," అన్నాడు. "ఇంకోటి ఉండాది."

చేతులు చాచలేదు. పళ్ళెం వెళ్ళిపోయింది. ఆయన ఇంకా ఎదురు చూస్తున్నాడు. వైద్యులు చెప్పిన గడువు నేను ఇక్కడ రాయను. పెద్ద ఇల్లు మా ఇంటికి మూడు సందుల దూరం.

మీకూ ఒక ఇల్లు ఉంది, అంతే దూరంలో. మీరు చెప్పని ఒక మాట కోసం అక్కడ ఒక మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "నేను పాపిని" అని ఇంకెప్పుడూ అనకండి, అది ఎవరికీ పనికిరాదు. దేవుడికి చెప్పుకోకండి, నాలాంటివాడికి ఉత్తరం రాయకండి. లేవండి. చెప్పులు వేసుకోండి. ఆ తలుపు కొట్టి, ఆ మనిషి ఇంకా వినగలిగి ఉండగానే, ఏ రోజు, ఏ పని, ఎవరి చేత్తో జరిగిందో చెప్పండి. ముందు లైను కడిగి రండి.